లంక రాయి, సయాం నిప్పు

శ్రీలంకలోని రత్నపుర చుట్టుపక్కల పొలాల్లో తవ్వే గుంటల్లోంచి ఒకరకం రాళ్లు వస్తుంటాయి. పల్చటి మజ్జిగ గడ్డకట్టినట్టు తెల్లగా, మసకగా ఉంటాయి. వెలుతురుకు అడ్డంపెట్టి చూస్తే లోపల పొగ కమ్మినట్టు కనిపిస్తుంది. సింహళంలో వాటిని గెవుడ అంటారు. నీలం ఏ ఖనిజమో అవీ అదే ఖనిజం, మన పాతవాళ్లు కురువిందం అన్నది. కాకపోతే రంగు లేదు, తేటదనం లేదు. అందుకని తరతరాలుగా వాటికి విలువా లేదు. 1970ల్లో బ్యాంకాక్ నుంచి వచ్చిన వర్తకులు ఈ పనికిరాని రాళ్లనే కిలోల లెక్కన కొనడం మొదలుపెట్టారు. అమ్మినవాళ్లు లోలోపల నవ్వుకుంటూ ఇచ్చేశారు. అవే రాళ్లు బ్యాంకాక్‌లో ముదురు నీలపురంగు తేలి, క్యారెట్ల లెక్కన అమ్ముడవుతున్నాయని తెలిశాక ఆ నవ్వు ఆగిపోయింది.

శ్రీలంక, థాయ్‌లాండ్‌ల మైత్రి గురించి అధికారికంగా ఎవరు మాట్లాడినా బౌద్ధంతో మొదలుపెట్టి బౌద్ధంతోనే ముగిస్తారు. ఆధునిక దౌత్య సంబంధాలు ఏర్పడింది 1955లో అయినా, ఉపన్యాసం మాత్రం ఏడెనిమిది వందల ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ రత్నాల సంగతి వదిలేస్తే ఆ స్నేహంలో సగమే తెలుస్తుంది. ధర్మం విషయంలో, రాళ్ల విషయంలో జరిగింది పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక విడ్డూరంగా ఉంటుంది. రెండింటికీ మొదలు లంకలోనే ఉంది. రెండింటి విషయంలోనూ ఒక దశలో లంక చేతిలో లేనిది సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) చేతిలో ఉంది. ధర్మాన్ని సయాం తిరిగి ఇచ్చింది. రాళ్లకు మాత్రం వెల కట్టింది.

ముందు నేల సంగతి. శ్రీలంక భూభాగంలో పదింట తొమ్మిది వంతులు అతి ప్రాచీనమైన రూపాంతర శిలలే. భూగర్భంలో లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ నలిగి స్ఫటికాలు ఏర్పరచుకున్న రాయి అది. కోట్ల ఏళ్ల వానలకు కొండలు అరిగి, ఆ స్ఫటికాలు వాగుల్లో దొర్లి, లోయల అడుగున గులకరాళ్ల పొరల్లో చేరాయి. నీలం, పుష్యరాగం, వైడూర్యం, గోమేధికం, స్పైనెల్, అలెగ్జాండ్రైట్, చంద్రకాంత శిల ఇలా డెబ్బై రకాల దాకా ఈ చిన్న దీవిలో దొరుకుతాయని లెక్క. వీటిలో ఒకదాని పేరుతో తెలుగువాళ్లు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మనం పద్మరాగం అంటే కెంపు. సింహళ పద్మరాగం, అంతర్జాతీయ బజారులో పద్‌పరాడ్‌షాగా నోరు తిరగని రూపం తెచ్చుకున్న రాయి, కెంపు కాదు. తామరరేకు గులాబీకీ నారింజకూ మధ్య ఎక్కడో ఆగిన రంగున్న నీలం జాతి రాయి. చాలా అరుదు. దీని గురించి తర్వాత మళ్లీ చెప్పుకోవాలి.

రత్నాలున్న ఆ గులకరాళ్ల పొరను ఇల్లం అంటారు. దాన్ని చేరడానికి పొలంలో నలుచదరంగా నూతిలాంటి గుంట తవ్వుతారు. గోడలు కూలకుండా దుంగలు బిగించి, దుంగలకూ మట్టికీ మధ్య సందుల్లో అడవి ఫెర్న్ ఆకులు కుక్కుతారు. నీరు ఊరుతూనే ఉంటుంది, పైన మోటారు తోడుతూనే ఉంటుంది. ఇల్లం తగిలాక అడ్డంగా సొరంగాలు చేసి ఆ గులకను పైకి పంపుతారు. అసలు నైపుణ్యం ఆ తర్వాత. మొలలోతు నీళ్లలో నిలబడి, అల్లిన బుట్టలో గులక పోసి గుండ్రంగా తిప్పుతారు, ఇళ్లలో బియ్యం గాలించినట్టే. నీటికి నాలుగు రెట్లు బరువుండే కురువిందం అడుగున నిలుస్తుంది, తేలికపాటి ఇసుక, పలుగురాయి అంచు మీదుగా పోతాయి. చివరకు బుట్టను ఎండకు వాల్చి, కళ్లు పండిన మనిషి ఒకడు మిగిలిన రాళ్లలోంచి పనికొచ్చేవి ఏరతాడు. గెవుడలు పక్కకు పోయేది సరిగ్గా ఆ క్షణంలోనే.

గుంటలో దిగేవాళ్లలో చాలామందికి దక్కేది జీతం కన్నా వాటా. పొలం యజమాని, లైసెన్సు ఉన్నవాడు, మోటారు పెట్టినవాడు, పెట్టుబడి పెట్టినవాడు, దిగి తవ్వినవాడు, అందరికీ అమ్మకంలో భాగం ఉంటుంది. పెద్ద యంత్రాలతో తవ్వడంపై ఆంక్షలున్నాయి. తవ్విన గుంటను తిరిగి పూడ్చాలన్న షరతు మీదే జాతీయ రత్నాభరణాల సంస్థ లైసెన్సు ఇస్తుంది. పంపకం ఇంత పకడ్బందీగా ఉన్న వ్యవస్థకు ఒక పెద్ద చిల్లు ఉంది. వాటా లెక్క మొదటి అమ్మకం దగ్గరే ఆగిపోతుంది. గెవుడను కిలో ధరకు అమ్మితే అందరికీ కిలో ధరలోనే వాటా. సముద్రం దాటాక దానికి పుట్టే రంగులో గుంటలో దిగినవాడికి ఏమీ రాదు.

ఆ రంగు ఎలా పుడుతుంది? గెవుడ మసకగా ఉండటానికి కారణం లోపల చిక్కుకున్న సన్నటి సూదులు. రూటైల్ అనే టైటానియం ఆక్సైడ్ స్ఫటికాలవి, వ్యాపారులు పట్టు అని పిలిచే పోగులు. నీలానికి నీలిరంగు రావాలంటే టైటానియం, ఇనుము అణువులు కురువిందంలో పక్కపక్కన కుదురుకోవాలి. వాటి మధ్య ఎలక్ట్రాన్ గంతేసేటప్పుడు వెలుతురులోని ఎరుపు, పసుపు భాగాలు పీల్చుకుపోయి నీలం మిగులుతుంది. గెవుడలో ఈ రెండూ ఉన్నాయి. కాకపోతే టైటానియం సూదుల్లో బందీగా ఉంది. రాయిని 1,600 డిగ్రీల సెల్సియస్ దాటించి, గాలి తక్కువగా ఉండే కొలిమిలో గంటల తరబడి ఉంచితే సూదులు కరిగి టైటానియం రాయంతా పరుచుకుంటుంది. ప్రాణవాయువు కొరతవల్ల ఇనుము కూడా జత కట్టడానికి అనువైన స్థితికి మారుతుంది. మసక పోతుంది, రంగు వస్తుంది. బయటినుంచి ఏమీ కలపలేదు. కురువిందం 2,050 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి ఈ పనిలో జారిపడటానికి చోటు తక్కువ. వేడి చాలకపోతే రాయి మారదు, తొందరపడి చల్లారిస్తే పగులుతుంది.

నిప్పుతో రాయిని మార్చవచ్చన్నది లంకకు కొత్త సంగతేమీ కాదు. కెంపుల్లో, గులాబీ రాళ్లలో ఉండే నీలిచాయను పోగొట్టడానికి కొబ్బరిచిప్పల బొగ్గు మీద రాయిని పెట్టి, ఊదుగొట్టంతో గాలి ఊదుతూ కాల్చే పద్ధతి అక్కడ శతాబ్దాలుగా ఉంది. మధ్యయుగాల అరబ్బు రచనల్లోనూ లంక కెంపులను కాల్చే సంగతి కనిపిస్తుంది. కానీ ఊపిరితో ఊదే నిప్పుకు ఒక హద్దుంది. నీలిచాయ పోవడానికి వెయ్యి డిగ్రీల పైచిలుకు చాలు, రూటైల్ కరగడానికి చాలదు. పైగా రెండూ వ్యతిరేకమైన పనులు: ఊదుగొట్టం గాలి ఎక్కువిచ్చి నీలాన్ని పోగొడుతుంది, గెవుడకు గాలి తగ్గించి నీలాన్ని పుట్టించాలి. విద్య ఉన్నా సరిగ్గా ఈ మలుపు దగ్గరే అది ఆగిపోయింది.

ఆ మలుపు తిరిగింది థాయ్‌లాండ్‌లోని చంథబురి. కంబోడియా సరిహద్దు పక్కన, మిరియాల తోటలు, దురియన్ తోటల నడుమ ఉన్న ఊరు. అక్కడా పక్కనున్న త్రాత్‌లోనూ కెంపులు దొరికేవి, పడమట కాంచనబురిలో నీలాలు. ఇవి చాలామటుకు ముదురురంగువి, కొంత మెరుగుపెడితే గానీ ధర పలకనివి. 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చి గనులను జాతీయం చేశాక, అక్కడి రాళ్లు దొంగదారిన చేరింది కూడా థాయ్ బజారుకే. నాసి రాయిని మంచి రాయిగా చేయాల్సిన అవసరం, చేతినిండా రాళ్లు, వాటి చుట్టూ పోగైన వర్తకులు, ఈ మూడూ ఒకచోట కలిశాయి. అగ్నిప్రమాదంలో కాలిన నీలాలకు రంగు మారడం చూసి ఈ విద్య కనిపెట్టారని చంథబురిలో ఒక కథ చెబుతారు. నిజమెంతో గానీ చక్కటి కథ. డీజిల్‌తో మండే, లోపల మంచి ఇటుక పొదిగిన డ్రమ్ముల్లాంటి కొలుములు తయారయ్యాయి. ఎవరి వేడి లెక్క వాళ్ల రహస్యం. తండ్రి కొడుక్కి చెప్పేవాడు, పొరుగువాడికి కాదు.

చంథబురి బజారు వారాంతాల్లో ఇప్పటికీ చూడదగ్గదే. అక్కడ కొనేవాడు కొట్టు కొట్టుకూ తిరగడు. ఒక బల్ల అద్దెకు తీసుకుని, దీపం, తక్కెడ పెట్టుకుని, తనకేం కావాలో కాగితం మీద రాసి కూర్చుంటాడు. అమ్మేవాళ్లు, దళారులు పొట్లాలు పట్టుకుని వరుసలో వస్తారు. రాయి పుట్టిన దేశం ఎక్కడో ఉంటుంది, రాయికి వెల మాత్రం ఈ బల్లల మీద తేలుతుంది. మడగాస్కర్, మొజాంబిక్, టాంజానియా, లంక, ఎక్కడ తవ్వినా చివరికి ఇటే రావాలన్న పరిస్థితిని థాయ్‌లాండ్ తెచ్చుకుంది. 1990లు వచ్చేసరికి సొంత గనులు దాదాపు అడుగంటినా ఆ వ్యాపారం తగ్గకపోవడానికి కారణం అదే. రత్నాభరణాల ఎగుమతి శ్రీలంకకు ఏటా వందల మిలియన్ల డాలర్ల సంగతి, థాయ్‌లాండ్‌కు బిలియన్ల సంగతి.

లంకలో గెవుడల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మోసపోయామన్న మాట వినిపిస్తుంది. అంత తేలిగ్గా ఒప్పుకోవాల్సిన మాట కాదది. రాయి విలువ తెలిసినవాడు తెలియనివాడి దగ్గర చవగ్గా కొనడం ప్రతి బజారులోనూ ఉన్నదే. అందులోనూ థాయ్ వర్తకుడు కొన్న కిలోలో ఎన్ని పగిలాయో, ఎన్ని రంగు తేలలేదో ఆ నష్టమూ అతనిదే. లంకకు నిజంగా జరిగిన నష్టం ధరలో లేదు, ఆలస్యంలో ఉంది. గెవుడకు విలువుందని తెలిశాక రత్నపుర మనుషులు చకచకా నేర్చుకున్నారు. పాలలాంటిది, పొగలాంటిది, వెలుతురులో నూనెరంగు కొట్టే 'డీజిల్' గెవుడ అంటూ ఏ రాయి ఏ రంగుకు తిరుగుతుందో ముందే పసిగట్టే పదజాలమే పుట్టింది. గ్యాస్‌తో మండే లక్మిణి కొలిమిని దేశంలోనే తయారుచేసుకున్నారు. పశ్చిమ తీరంలోని బేరువలలో రాళ్లు కాల్చే నిపుణులు ఇవాళ ఎవరికీ తీసిపోరు. అయితే ఈలోగా బజారు బ్యాంకాక్‌లో పాతుకుపోయింది. విద్య తిరిగొచ్చింది, బజారు రాలేదు.

ఇక రెండు దేశాలూ గర్వంగా చెప్పుకునే పాత కథ. పదమూడో శతాబ్దంలో లంక థేరవాద బౌద్ధ సంప్రదాయం సుఖోథాయ్ రాజ్యం చేరి సయాంలో వేళ్లూనుకుంది. అటు తర్వాత లంకలో పోర్చుగీసులు, డచ్చివాళ్లు, అంతర్యుద్ధాలు. పద్దెనిమిదో శతాబ్దం నాటికి కొత్తవాళ్లకు ఉపసంపద, అంటే పూర్తి భిక్షు దీక్ష, ఇవ్వగల భిక్షువులే దీవిలో లేకుండా పోయారు. దీక్ష ఇవ్వడానికి దీక్షపొందిన భిక్షువులు కావాలి కాబట్టి ఆ గొలుసు తెగితే తనంతట తాను అతుక్కోదు. అప్పుడు క్యాండీ సింహాసనం మీద ఉన్నది కీర్తి శ్రీ రాజసింహుడు. మదురై నుంచి వచ్చిన నాయక్కర్ల వంశం వాడు. ఆ వంశానికి తెలుగు మూలాలున్నాయి, పుట్టి పెరిగింది శైవంలో. లంక బౌద్ధాన్ని తిరిగి నిలబెట్టిన రాజు అతనే కావడం చరిత్ర చేసే చమత్కారాల్లో ఒకటి.

తీరమంతా డచ్చివాళ్ల చేతుల్లో ఉంది. కొండల మధ్యనున్న క్యాండీకి రేవు లేదు. 1750లో రాజు పంపిన రాయబారులు డచ్చి ఓడలోనే సయాం రాజధాని అయుత్థయకు వెళ్లారు. అక్కడి రాజు బోరోమకోత్ ఒప్పుకున్నాడు. 1753లో ఉపాలి థేరుడు తోటి భిక్షువులతో వచ్చి, క్యాండీలోని మల్వత్త విహారంలో వెలివిట శరణంకరుడికీ మరికొందరికీ దీక్ష ఇచ్చాడు. తెగిన గొలుసు అతుక్కుంది. ఉపాలి మళ్లీ స్వదేశం చూడలేదు, 1756లో క్యాండీలోనే కన్నుమూశాడు. ఇవాళ లంకలో అతి పెద్ద భిక్షు సంప్రదాయం పేరే సయాం నికాయ. ఒక దేశం పేరు ఇంకో దేశపు మఠవ్యవస్థకు నిలిచిపోవడం మాటలు కాదు.

ఉపన్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఆ తర్వాతి పుటలు ఇంత మెత్తగా ఉండవు. 1760లో ఇదే కీర్తి శ్రీ రాజసింహుణ్ణి చంపి, ఒక సయాం రాకుమారుణ్ణి గద్దెనెక్కించాలని క్యాండీ ప్రముఖులు కొందరు కుట్ర పన్నారు. అది ముందే బయటపడి భగ్నమైంది. 1897లో సయాం రాజు చులాలాంగ్‌కోర్న్ క్యాండీ దళదా మందిరానికి వచ్చి, బుద్ధుడిదిగా పూజించే దంతధాతువును చేతిలోకి తీసుకోవాలనుకుంటే అక్కడివాళ్లు కుదరదన్నారు. రాజు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఈ మధ్య కాలానిది ఏనుగు కథ. 2001లో థాయ్‌లాండ్ కానుకగా ఇచ్చిన ముత్తు రాజా అనే ఏనుగును లంకలో సరిగా చూడటం లేదని గొడవలు రేగి, చివరికి 2023 జులైలో దాన్ని విమానంలో వెనక్కి తీసుకుపోయారు. ఇచ్చిన కానుకను తిరిగి పట్టుకుపోవడం దౌత్యంలో చిన్న విషయం కాదు. లంక ప్రధాని స్వయంగా థాయ్ రాజుకు విచారం తెలిపారు. అయినా సుమారు ఏడు నెలలకే రెండు దేశాలూ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2002 సెప్టెంబరులో లంక ప్రభుత్వానికీ ఎల్‌టీటీఈకీ శాంతి చర్చల తొలి విడత థాయ్‌లాండ్‌లోని సత్తహిప్‌లో జరగడానికీ ఇలాంటి నమ్మకమే ఆధారం. థాయ్‌లాండ్ ఇద్దరికీ దగ్గరిదే, ఎవరికీ భయం కలిగించనంత దూరంలోదే.

అదే 2002 రత్నాల బజారులో వేరే కారణంగా గుర్తుండిపోయింది. ఆ ముందు కొన్నేళ్ల కిందట, 1998 ప్రాంతంలో, మడగాస్కర్‌లోని ఇలకాక దగ్గర నీలాలు విపరీతంగా దొరకడం మొదలైంది. ముందుగా అక్కడికి చేరిన విదేశీ కొనుగోలుదారుల్లో లంకవాళ్లు, థాయ్‌వాళ్లే ప్రధానం. ఒకే వీధిలో ఎదురెదురు కొట్లు. ఆ రాళ్లు బ్యాంకాక్, చంథబురి చేరాక ఒక వింత జరిగింది. అరుదుగా దొరికే ఆ సింహళ పద్మరాగం రంగు రాళ్లు కుప్పలుగా బజారులోకి వచ్చాయి. మామూలుగా వేడి చేశామన్నారు. ప్రయోగశాలల్లో పరీక్షిస్తే బెరిలియం బయటపడింది. కొలిమిలో వేసే రాళ్లలో క్రిసోబెరిల్ ముక్కలు కలిసిపోవడంతో మొదట యాదృచ్ఛికంగానే ఇలా జరిగిందంటారు. మన వైడూర్యం ఏ జాతో ఆ ఖనిజమే క్రిసోబెరిల్. అందులోని బెరిలియం ఆ వేడికి కురువిందంలోకి ఇంకి రంగు మార్చేస్తుంది. గెవుడకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది: గెవుడలో ఉన్నదే బయటికొచ్చింది, ఇక్కడ లేనిది లోపలికి పోయింది. చెప్పకుండా అమ్మడం మాత్రం మోసమే, అందులో రెండో మాట లేదు. దెబ్బ తగిలింది లంకకే. సహజంగా ఆ రంగుతో పుట్టే రాళ్లకు పేరుమోసిన దేశం అది. బెరిలియాన్ని పట్టుకోవడానికి లేజరుతో రాయి మీద కంటికానని గంటు పెట్టి పరీక్షించే ఖరీదైన యంత్రాలు కావాలి. నిజమైన పద్మరాగం అమ్ముకునేవాడు కూడా అప్పట్నించి తన నిజాయతీకి రుజువు కొనుక్కోవాల్సి వచ్చింది.

దీని పర్యవసానం ఎవరూ ఊహించలేదు. కొలిమి ఎంత పండితే, కొలిమి ఎరగని రాయికి అంత గిరాకీ పెరిగింది. 1926లో రత్నపుర దగ్గరి పెల్మడుల్లలో దొరికిన 392.52 క్యారెట్ల 'బ్లూ బెల్ ఆఫ్ ఆసియా' 2014 నవంబరులో జెనీవా వేలంలో సుమారు 1.73 కోట్ల డాలర్లకు పోయింది. దానికి వేడి తగల్లేదన్న ధ్రువీకరణ ఉంది. ఇవాళ ఒకే రంగు, ఒకే బరువున్న రెండు లంక నీలాల్లో వేడి చేయనిదానికి కొన్ని రెట్లు ధర పలకడం మామూలు. థాయ్ నిప్పు పోగుచేసిన లాభంలో కొంత ఇలా చుట్టుతిరిగి లంక నేలకు చేరుతోంది.

తెలుగునాట ఉంగరాల కొట్లలో ఈ చరిత్రంతా రెండు మాటల్లో ఇమిడిపోయింది. "సిలోన్ కావాలా, బ్యాంకాక్ కావాలా?" అని అడుగుతారు. పుష్యరాగమైనా నీలమైనా సిలోన్ అంటే ధర ఎక్కువ, బ్యాంకాక్ అంటే తక్కువ. కొనేవాళ్లు అవి రెండు గనుల పేర్లనుకుంటారు. కొన్నిసార్లు నిజంగానే థాయ్ గని రాయి కావచ్చు. చాలాసార్లు బ్యాంకాక్ అంటే ఆ బజారు మీదుగా వచ్చిందని మాత్రమే. లంకలో పుట్టి, చంథబురిలో కాలి, బ్యాంకాక్‌లో సానపట్టిన రాయి ఏ డబ్బాలో ఉండాలో కొట్టువాడి ఇష్టం.

2024 ఫిబ్రవరి 3న కొలంబోలో రెండు దేశాలూ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేశాయి. అప్పటి థాయ్ ప్రధాని శ్రేఠా థవిసిన్ మర్నాడు లంక స్వాతంత్ర్య దినోత్సవానికి ముఖ్య అతిథి. 2022లో అప్పులు కట్టలేమని చేతులెత్తేసిన దేశానికి ఆ రెండు రోజులూ విలువైనవే. అదే పర్యటనలో రెండు దేశాల రత్నాభరణ సంస్థల మధ్య కూడా ఒక అవగాహన ఒప్పందం కుదిరింది. వాణిజ్య ఒప్పందం కన్నా వార్తల్లో చాలా తక్కువ చోటు దక్కింది దానికి. కానీ లంకకు సుంకాల తగ్గింపు కన్నా ఇదే ఎక్కువ ఉపయోగపడే అవకాశం ఉంది. ముడిరాయి మీద సుంకం ఎప్పుడూ పెద్ద అడ్డంకి కాదు. పరీక్షా యంత్రాలు, వాటిని నడిపే మనుషులు, ఆ కాగితాన్ని కొనేవాడు నమ్మడం, ఇవే లంకకు తక్కువైనవి. ఇవి థాయ్‌లాండ్ దగ్గర దండిగా ఉన్నాయి. థాయ్‌లాండ్ దగ్గర అడుగంటిన ముడిరాయి ఇంకా లంక నేల కింద ఉంది. 1753లో సయాం ఉచితంగా ఇచ్చినట్టు ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఇవ్వరు, ఇవ్వాలని ఆశించడమూ సబబు కాదు. శిక్షణకు బదులు రాయి, రాయికి బదులు శిక్షణ అని బేరం తేల్చుకోవడమే మేలు.

పేరున్న ప్రయోగశాల ఇచ్చే లంక రాయి ధ్రువపత్రంలో సాధారణంగా రెండు పంక్తులు కనిపిస్తాయి. ఒకదానిలో రాయి పుట్టిన దేశం, శ్రీలంక అని. ఇంకోదానిలో వేడి చేసిన ఆనవాళ్లున్నాయనో లేవనో. ఎక్కడ వేడి చేశారో రాసే పంక్తి మాత్రం ఉండదు.